అటక మీది కొలువు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మన ఇండ్లలో పంచాంగం చెప్పని ఒక పండుగ వస్తుంది. అది అటక మీదినుంచి బొమ్మల పెట్టె దిగే రోజు. కొందరి ఇండ్లలో ఆ ముచ్చట దసరాకే తీరిపోతుంది. ఎప్పుడు దిగినా సంబరం ఒక్కటే. మూత తీయగానే కర్పూరం, ఎండిన వేపాకు, పాత ధోవతి గుడ్డ కలసిన వాసన వస్తుంది. మూట విప్పిన కొద్దీ ఏనుగు అంబారీ, దశావతారాలు, పెండ్లికూతురు, పెండ్లికొడుకు, కొట్టు ముందు కూర్చున్న శెట్టిగారు, చల్లమ్మే గొల్లభామ వరుసగా బయటికి వస్తారు. ఇది మా అత్తగారి పుట్టింటిది, అది తిరుపతిలో కొన్నది, ఇది పెద్దవాడు పుట్టిన ఏడు వచ్చినది అని పెద్దలు చెబుతుంటే పిల్లలు వింటారు.

ఆ వెంటనే జరిగే పనిని గురించి నేడు మనవి చేయదలచినాను. దానిని మనం శుభ్రం చేయడం అంటాము. చెమ్మ, చెద, ఎలుక కలసి పాడుచేసిన బొమ్మలకంటె, పండుగ తొందరలో మనమే ప్రేమతో తుడిచి పాడుచేసిన బొమ్మలు ఎక్కువేమో అని నా అనుమానం. ఆ అనుమానానికి ఆధారం మరెవరి తప్పో కాదు, నా సొంత అపరాధమే.

మా ఇంటి బొమ్మల పెట్టె అమ్మమ్మది. అందులో జానెడు ఎత్తున మట్టితో చేసిన గొల్లభామ ఒకటి ఉన్నది. నెత్తిన చల్లకుండ, నడుముకు ఆనించిన ఎడమచేయి, కొద్దిగా పక్కకు తిరిగిన చూపు. అమ్మమ్మ కాపురానికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న బొమ్మ అది. అమ్మమ్మ గతించిన తరువాతి సంవత్సరం పెట్టె నాకు వచ్చినది. మొదటి కొలువు నా చేతి మీదుగా జరుగుతున్నది, అన్నీ తళతళలాడవలెనని నా ఆశ. గొల్లభామ ముఖం మీద ఏండ్ల తరబడి దీపపు మసి పట్టి ఉన్నది. మెత్తని గుడ్డను సబ్బునీళ్ళలో ముంచి, పిండి, చాల జాగ్రత్తగానే తుడిచినాను. మొదటి తుడుపుకు మసి పోయినది. రెండవ తుడుపుకు బుగ్గల ఎరుపు పోయినది. నేను గ్రహించేలోగా మూడవ తుడుపు కూడ పడినది. చేతిగుడ్డ తిప్పి చూస్తే దానిమీద రెండు నల్లని మరకలు ఉన్నవి. అవి ఆ బొమ్మ కండ్లు.

మా పిన్ని ఆ సమయానికి అక్కడనే ఉన్నది. కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "అమ్మ దానికి ఏనాడూ తడి తగలనిచ్చేది కాదే. నెమలి ఈకతో దులిపి ఊరుకొనేది" అన్నది. ఆ మాట నాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో చెప్పలేను. తరువాత బొమ్మలు చేసేవారిని అడిగి, మ్యూజియంలలో పాతవస్తువులను కాపాడే పద్ధతులను చదివి తెలుసుకొన్నదంతా చివరకు పిన్ని చెప్పిన ఆ ఒక్క మాటకే వివరణ.

పాత బొమ్మ అంటే ఏది? చట్టం లెక్క ఒకటి ఉన్నది. 1972లో చేసిన పురావస్తువుల చట్టం ప్రకారం సాధారణంగా నూరేండ్లు నిండిన కళావస్తువు పురావస్తువు అవుతుంది. ఇంటి లెక్కకు అంత అవసరం లేదు. ముగ్గురి చేతులు మారిన బొమ్మ పాతదే. అటువంటిదానిని ముట్టుకొనే ముందు వేసుకోవలసిన ప్రశ్న, ఇది ఎంత మురికిగా ఉన్నది అని కాదు. ఇది దేనితో చేసినది అని. మన కొలువులో పక్కపక్కన నిలుచున్న బొమ్మలు ఒక జాతివి కావు. ఒకదానికి పనికివచ్చిన ఉపచారం మరొకదానికి విషం.

ముందుగా మట్టిబొమ్మ సంగతి. మట్టిమీద సుద్ద పూత, సుద్దమీద జిగురు కలిపిన రంగు, ఇది పాతకాలపు పద్ధతి. ఆ రంగును నీటితోనే కలిపి వేసినారు, కాబట్టి నీరు తగిలితే మళ్ళీ కరుగుతుంది. పైకి ఎంత గట్టిగా కనబడినా సరే. నా గొల్లభామకు జరిగినది ఇదే. మట్టిబొమ్మకు తడి గుడ్డ, తడి దూది, తడి వేలు ఏదీ కూడదు. పొడి కుంచె ఒక్కటే దానికి స్నానం.

కొండపల్లి బొమ్మ కొయ్యదే కదా, నీటికి భయమేమి అనుకుంటాము. విజయవాడ దాపున ఉన్న కొండపల్లిలో ఆ బొమ్మ పుట్టే తీరు తెలిస్తే ఆ మాట అనము. తెల్లపొణికి అనే అతి తేలికైన కొయ్యను తెచ్చి, ఆరబెట్టి, సన్నని సెగమీద కాచి, అందులోని చెమ్మను పోగొడతారు. తల, మొండెం, చేతులు వేరువేరుగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ఉడికించిన మక్కుతో వాటిని అతికి, వంపులు తీర్చుతారు. పైన సున్నం పూత పూసి, అది ఆరిన తరువాత మేకవెంట్రుకల కుంచెతో రంగులు వేస్తారు. అంటే ఆ బొమ్మలో కొయ్య, మక్కు, సున్నం, రంగు అని నాలుగు పొరలు ఉన్నవి. తడి తగిలితే కొయ్య ఉబ్బుతుంది, సున్నం ఉబ్బదు. మక్కు మెత్తబడుతుంది. ఆరేటప్పుడు కొయ్య ముడుచుకుంటుంది. ఈ లాగుడులో పైన ఉన్న రంగు పెచ్చులుగా లేస్తుంది. ఆ రోజు బాగానే కనబడుతుంది. మరుసటి సంక్రాంతికి మూట విప్పితే గుడ్డలో రంగు రజను కనబడుతుంది. పనివాడు మొదటినుంచి ఏ చెమ్మను తరిమివేయడానికి కష్టపడినాడో, దానిని మనం సబ్బునీళ్ళతో తిరిగి పిలిచినామన్నమాట.

ఏటికొప్పాక బొమ్మ తత్త్వం వేరు. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కొయ్యను తరిమెన పట్టి, అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కబిళ్ళను ఒత్తిపట్టుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యను అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగ వస్తుంది. లక్కకు నీటితో అంత పేచీ లేదు. బాగా పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలును. దానికి శత్రువులు రెండు, స్పిరిటు, వేడి. చేతులకు రాసుకొనే శానిటైజరులో ఉన్నది స్పిరిటు జాతి ద్రవమే. అది ఆరకముందే లక్కబొమ్మను పట్టుకుంటే వేలిముద్రలు శాశ్వతంగా పడతవి. దీపం దగ్గర, వేడెక్కే విద్యుద్దీపాల దగ్గర, ఎండ పడే కిటికీలో లక్కబొమ్మను ఉంచకూడదు. ఈ ఊరిబొమ్మకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆకులు, బెరడులు, వేళ్ళనుంచి తీసిన రంగులను అక్కడ తిరిగి నెలకొల్పిన శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. 2025 రిపబ్లిక్ దినోత్సవంనాడు ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. ఆ ప్రకృతి రంగులు ఎండకు త్వరగా వెలుస్తవి. వెలసిన రంగును ఏ ఉపాయమూ తిరిగి తేలేదు.

నిర్మల్ బొమ్మలు కూడ పొణికి కొయ్యవే. వాటి బంగారు వన్నెను మెరుగుపెట్టవలెనని రుద్దకండి. రుద్దినకొద్దీ వన్నె గుడ్డకు వస్తుంది. తిరుపతి ఎర్రచందనం బొమ్మలకు చాలవరకు రంగుపూత ఉండదు. కొయ్య రంగే వాటి రంగు. మన తూర్పుకనుమల దక్షిణభాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. తడిపి రుద్దితే ఎర్రని గంధం దిగుతుంది. నూనె రాస్తే ఆ రోజు మెరుస్తుంది కాని, ఆ జిడ్డు ఏడాదిపాటు దుమ్మును పట్టి నల్లబడుతుంది. పొడి నూలుగుడ్డ చాలును.

ఇక సముద్రాలు దాటి వచ్చిన బొమ్మలు. కొన్ని ఇండ్లలో జర్మనీ పింగాణీ తల బొమ్మ, జపాను సెల్యులాయిడు బొమ్మ ఇంకా దాగి ఉన్నవి. పింగాణీ కడగవచ్చును అనుకుంటాము. కాని తల బోలుగా ఉంటుంది. గాజు కండ్లను లోపలినుంచి ప్లాస్టరుతో అమర్చి ఉంటారు. నీరు లోపలికి పోతే ప్లాస్టరు చెడి కన్ను లోపల పడుతుంది. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన దూదితో బుగ్గలు, నుదురు మాత్రమే తుడవవలె. కనుబొమలు, పెదవుల జోలికి పోకూడదు.

సెల్యులాయిడు బొమ్మను గురించి కొంత హెచ్చరిక అవసరం. దూదిని నత్రికామ్లంతో సంస్కరించి, కర్పూరం కలిపి చేసిన పదార్థం అది. 1870 ప్రాంతంలో వాడుకలోకి వచ్చినది. జర్మనీలో తాబేలు గుర్తుతో ఒక కంపెనీ చేసిన బొమ్మలు ప్రసిద్ధమైనవి. ఆ తరువాత జపాను వాటిని పెద్దయెత్తున చేసినది. గాలిబుడగవలె తేలికగా ఉంటుంది, వేలితో రుద్దితే కర్పూరపు వాసన వస్తుంది. అటువంటి బొమ్మ కొలువులో ఉంటే దీపానికి, హారతికి దూరంగా ఉంచండి; నిప్పు అంటుకున్నదంటే క్షణంలో మండిపోతుంది. అది ముసలిదైనకొద్దీ దానినుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి పక్కబొమ్మల రంగును, జరీని, లోహాన్ని తింటుంది. కాబట్టి దానిని వేరే అట్టపెట్టెలో, గాలి ఆడేటట్లు, చల్లని చోట పెట్టవలె. గాలి చొరని డబ్బాలో మూయకూడదు.

దేనితో చేసినదో తెలియకపోతే ఏమి చేయవలె? తెలియనప్పుడు దానిని కొండపల్లి బొమ్మగానో మట్టిబొమ్మగానో భావించండి. పొడి కుంచె ఏ బొమ్మనూ చంపదు.

కుంచె పట్టే పద్ధతి చెబుతాను. బొమ్మను చేయి పట్టుకొనో తల పట్టుకొనో ఎత్తకండి, అవి అతుకులు. రెండు చేతులతో మొండెం పట్టి, పీట కిందనుంచి ఆనించి ఎత్తండి. పళ్ళెంలో పాత తువ్వాలు పరచి దానిమీద నిలబెట్టండి. పెచ్చు రాలితే పళ్ళెంలోనే ఉంటుంది. చిత్రకారులు వాడే మెత్తని కుంచె ఒకటి కొనండి. తలనుంచి మొదలుపెట్టి కిందికి, ఒకే దిశలో, దుమ్మును తోయకుండ లేపండి. ముడతలలో, నగల సందులలో కుంచెకొన చాలును. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. రంగు పెచ్చు లేచి ఊగుతున్న చోట కుంచెనుకూడ తగలనీయకండి. గుడ్డబొమ్మలకు పైన సన్నని వలగుడ్డ పరచి, వాక్యూం యంత్రాన్ని అతి తక్కువ వేగంతో పైపైన ఆడించవచ్చును. జరీ చీరలను ఉతకవద్దు.

మొండి మురికికి మ్యూజియంలవారు వాడే ఒక మందు ఉన్నది. చెబితే నవ్వుతారు. అది ఉమ్మి. దూదిపుల్లను నాలుకకు తాకించి, ఆ తేమతో చిత్రపటాలను తుడవడం వారికి పాత అలవాటు. పోర్చుగల్ పరిశోధకులు 1990లో దీనిని పరీక్షించి, ఉమ్మిలో ఉండే అమైలేజు అనే ఎంజైము మురికిని విడదీస్తుందని తేల్చినారు. 2018లో వారికి ఇగ్ నోబెల్ బహుమతి కూడ ఇచ్చినారు. ముందు నవ్వించి, తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. కాని మన కొలువులో రాముడు, కృష్ణుడు, లక్ష్మీదేవి ఉంటారు. ఎంగిలితో తుడవడానికి మన చేతులు రావు. అది ఒకందుకు మంచిదే. మట్టిబొమ్మ రంగుకు ఉమ్మికూడ తడే.

పాత రంగులను గురించి మరొక మాట. సింధూరంలో సీసం ఉన్నది. ఇంగిలీకంలో పాదరసం ఉన్నది. హరిదళంలో పాషాణం ఉన్నది. ఇవి పూర్వం చిత్రకారులు వాడిన ఎరుపు, పసుపు రంగులే. పాత బొమ్మను పసిపిల్లలు నోట పెట్టుకోకుండ చూడవలె. దులిపిన తరువాత చేతులు కడుక్కోవలె. గత శతాబ్దం మధ్యలో పెట్టెలలో డి.డి.టి. పొడి చల్లే అలవాటు కూడ ఉండేది. పాత పెట్టె అడుగున తెల్లని పొడి కనబడితే చీపురుతో ఎగరగొట్టకుండ, ముక్కుకు గుడ్డ కట్టుకొని, తడిగుడ్డతో పెట్టెను తుడిచి ఆ గుడ్డను పారవేయండి. ఇక్కడ తడి కావలసినది పెట్టెకు, బొమ్మకు కాదు.

విరిగిన బొమ్మను చూస్తే మన చేయి ఊరుకోదు. క్షణంలో అంటుకొనే బంక ప్రతి ఇంటిలోను ఉన్నది. ఆ బంక వంకరగా అంటుకుంటే తిరిగి విడదు, చుట్టూ తెల్లని మరక పడుతుంది. విరిగిన ముక్కను కాగితంలో చుట్టి, ఏ బొమ్మదో రాసి, ఆ బొమ్మ పక్కనే పెట్టండి. తెలిసిన పనివాడు దొరికినప్పుడు అతికిస్తాడు. కొత్త రంగు వేయించడంలోనూ ఇదే జాగ్రత్త. నిగనిగలాడే ఎనామెలు రంగు వేస్తే బొమ్మ కొత్తదవుతుంది, నిజమే. కాని ఆ కింద ఒక మనిషి మేకవెంట్రుకల కుంచెతో దిద్దిన కనుబొమ ఉన్నది. అది ఇక ఎవరికీ కనబడదు.

పండుగ గడిచిన తరువాతి పని ఇంకా ముఖ్యమైనది. బొమ్మ కొలువులో గడిపేది కొన్ని రోజులు, పెట్టెలో గడిపేది తక్కిన సంవత్సరమంతా. వెలుగుకు చెడిపోయే వస్తువులను మ్యూజియంలలో 50 లక్సుల మసక వెలుతురులో, అదికూడ కొంతకాలమే ప్రదర్శించి, తిరిగి చీకటి గదిలో పెడతారు. మన పెద్దలు ఏ కొలతా లేకుండనే ఆ పద్ధతిని ఆచారంగా పెట్టినారు. ఆఖరిరోజు రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి, మరునాడు అన్నిటిని పెట్టెలో సర్దే ఆచారంలో వాటికి విశ్రాంతి ఉన్నది.

సర్దేటప్పుడు బొమ్మలను పాత నూలుగుడ్డలో చుట్టండి. ఆ గుడ్డకు గంజి ఉండకూడదు. గంజికి పురుగు వస్తుంది. వార్తాపత్రికలో చుట్టవద్దు. ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, సిరా బొమ్మకు దిగుతుంది. మీ పెట్టెలో పెద్దలు చుట్టిన పాత పత్రిక దొరికితే మాత్రం దానిని పారవేయక విడిగా దాచండి. దానిమీది తేదీ ఆ బొమ్మ చరిత్రలో ఒక పుట. ఊక, గడ్డి చెమ్మను పీల్చుకుంటవి. వాటి బదులు గుడ్డ ఉండలు వాడండి. వేపాకు, వస కొమ్ము పలుచని మూటగట్టి మూలల్లో పెట్టవచ్చును, బొమ్మకు తగలకుండ. కలరా ఉండలు వద్దు. అవి మనిషికీ మంచివి కావు, ప్లాస్టిక్కు బొమ్మలను మెత్తబరుస్తవి. దసరా కొలువువారు వాన ముసురులో సర్దకండి. రెండు పొడిరోజులు ఆగండి. చెమ్మతో మూసిన పెట్టెలో బూజు తప్పదు. బొమ్మ కింద సన్నని పిండివంటి పొడి కనబడితే లోపల పురుగు ఉన్నదని గుర్తు. దానిని వెంటనే తక్కినవాటినుంచి వేరుచేయండి. కిరసనాయిలు పోయకండి. ఇక పెట్టె ఉండే చోటు: ఎండకు కాగే డాబా కింది అటకకంటె, లోపలి గదిలో గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉన్న బల్ల మేలు.

ఇన్ని చెప్పిన తరువాత అన్నిటికన్న తేలికైనది, అన్నిటికన్న తొందరైనది ఒకటి మిగిలినది. బొమ్మకు పట్టే బూజు మన కంటికి కనబడుతుంది. దాని కథకు పట్టే బూజు కనబడదు. ఇది ఎవరిది, ఎక్కడ కొన్నది, ఏ పెండ్లికి వచ్చినది అని చెప్పగలిగినవారు ఇంటిలో ఒకరో ఇద్దరో ఉంటారు. వారు చెబుతుండగా ఒక చీటీమీద పెన్సిలుతో రాసి బొమ్మతోపాటు మూటలో పెట్టండి. బొమ్మమీద రాయకండి. వీలైతే వారి మాటను వారి గొంతుతోనే పట్టి ఉంచండి. రేడియోలో పనిచేసేదానను కనుక ఈ సలహా ఇవ్వకుండ ఉండలేను. మా అమ్మమ్మ నెమలి ఈక సంగతి ఆమె నోటితో చెప్పగా రాసి ఉంచుకొనేవారు మా ఇంటిలో లేకపోయినారు. ఆ లోపానికి వెల గొల్లభామ ముఖం.

ఆ ముఖాన్ని తిరిగి వేయించవచ్చునని కొందరు సలహా ఇచ్చినారు. పిన్ని ఒప్పుకొనలేదు, నేనూ ఒప్పుకొనలేదు. గొల్లభామ ఈనాటికీ మా కొలువులో రెండవ మెట్టుమీద, ఎప్పటి చోటులోనే నిలబడుతుంది. చల్లకుండ ఉన్నది, నడుమున చేయి ఉన్నది, పక్కకు తిరిగిన మెడ ఉన్నది. పేరంటానికి వచ్చిన పిల్లలలో ఎవరో ఒకరు ప్రతి ఏడూ, "ఈమెకు కండ్లు లేవేమండీ?" అని అడుగుతారు. నేను జరిగినది జరిగినట్లే చెప్పి, వారి చేతికి నెమలి ఈక ఇస్తాను. ఎట్లా దులపవలెనో పిన్ని పక్కనుంచి చెబుతుంది.